లాభం లేని దవాఖాన

సంతాప సభలో మొదటి వక్త గొంతు సవరించుకుని, "ఆయన జీవితంలో ఎవరి మనసూ నొప్పించి ఎరుగరు" అన్నారు. తాగుతున్న టీ నా ముక్కులోకి పోయింది. పక్కన కూర్చున్న మా వారు వీపు తట్టారు గానీ, నవ్వాపుకోలేక ఆయన భుజాలు కూడా కదులుతూనే ఉన్నాయి. రెండో వక్త "అజాతశత్రువు" అన్నారు. మూడో ఆయన "మితభాషి" అన్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఎదురుగా బల్ల మీద సారు ఫోటో, దానికో బంతిపూల దండ. ఫోటోలో ఆయన కెమెరా వంక చూడడంలేదు, తల వంచుకుని ఉన్నారు. "ఎంత వినయమో చూడండి" అని నాలుగో వక్త దాని మీద కూడా ఓ ఐదు నిమిషాలు మాట్లాడారు. అది వినయం కాదు. ఆ ఫోటో తీసిన రోజు నేను అక్కడే ఉన్నాను. సారు ఫోటోగ్రాఫర్ కాళ్ళు చూస్తున్నారు. క్లిక్ మన్న మరుక్షణం, "ఏం బాబూ, గా చిటికెనవేలు ఎన్ని దినాల సంది గట్లున్నది?" అని అడిగారు కూడా.

సారు చర్మ వైద్యుడు. ప్రభుత్వ దవాఖానలో రిటైరై, మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే రోడ్డు మీద తన వాటాకొచ్చిన పొలంలో నాలుగు గదులు వేసి, వాటికి పరిశోధన కేంద్రం అని పేరు పెట్టారు. మెడికల్ షాపుల్లో అడ్డమైన మలాములూ కొని పూసి పూసి జనం మొండికెత్తించిన తామరను ఎలా లొంగదీయాలన్నది ఆయన పరిశోధన. తామర కోసం డబ్బిచ్చే పుణ్యాత్ములు లోకంలో తక్కువ. దానివల్ల ఎవరూ చచ్చిపోరు కదా, గోక్కుంటూ బతికే ఉంటారు. ఎలాగో ఒక విదేశీ దాతృత్వ సంస్థను పట్టుకున్నారు. పైన పెత్తనానికి ఒక ట్రస్టు, దానికొక చైర్మన్ గారు. కింద నేను, అడ్మిన్ మేనేజర్ని. అంటే కరెంటు బిల్లు మొదలుకొని ట్రస్టు మీటింగులో పకోడీల దాకా అన్నీ నా నెత్తినే.

నా ఇంటర్వ్యూ చెబితే ఎవరూ నమ్మరు. సర్టిఫికెట్ల ఫైలు తీయబోతుంటే, "అవి పక్కకు పెట్టమ్మా. చెప్పులు విడిచి కాళ్ళు చూపియ్యి" అన్నారు. మాది తెనాలి. పెళ్ళిచూపుల్లో పాట పాడమన్నారు, నడవమన్నారు, కాళ్ళు చూపించమని మాత్రం ఎవరూ అనలేదు. లేచి వచ్చేద్దామనుకున్నాను. ఈలోగా ఆయనే కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు.

"మడిమలు పగిలినయ్. నిలవడి పని జేసే మనిషివి. రేపటి సంది రా."

గుమ్మం దగ్గర చెప్పులు విడవాలన్నది అక్కడి నియమం. లోపలి శుభ్రత కోసమని వచ్చినవాళ్ళు అనుకునేవారు. కాదు, సారు వాళ్ళ కాళ్ళు చూడడం కోసం. మొహాలు గుర్తుండేవి కావు ఆయనకు. ఎమ్మెల్యే తమ్ముడు రెండోసారి వస్తే పోల్చుకోలేకపోయారు. అతను సాక్సు విప్పగానే, "అరె, నువ్వా!" అని కౌగిలించుకున్నారు. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికొడుకు కాళ్ళు కడిగే వేళకు సరిగ్గా ముందు వరసలో ఉండేవారు. ఒకసారి అల్వాల్‌లో ఒక పెళ్ళిలో, పళ్ళెంలో ఉన్న కాలు చూసి "ఆగుండ్రి, ఆగుండ్రి" అన్నారట. ఆ కుటుంబం ఇప్పటికీ మాతో మాట్లాడదు.

ఆయన ఊతపదం "లాభమేంది?". దానికి ప్రత్యేకించి అర్థమేమీ లేదు. టీ తెప్పించమంటారా సార్ అంటే, "తాగితే లాభమేంది?" అని రెండు కప్పులు తాగేవారు. వాన పడుతోంది, ఇంటికి వెళ్ళండి సార్ అంటే, "పోతె లాభమేంది?" అని స్లైడు మీదికి మళ్ళీ వంగేవారు. అలాంటి మనిషికి అలాంటి బోర్డు రావడం దైవనిర్ణయం అనుకుంటాను.

ఆ బోర్డు సంగతి చెప్పాలి. "లాభాపేక్ష లేని వైద్య పరిశోధన కేంద్రం" అని కాగితం మీద గుండ్రంగా రాసి పెయింటరుకిచ్చింది నేనే. అతను మధ్యాహ్నమంతా నిచ్చెన మీద నిలబడి రాశాడు. దిగాక చూస్తే బోర్డు మీద ఎర్రటి అక్షరాలతో "లాభం లేని వైద్య పరిశోధన కేంద్రం" అని ఉంది.

"ఇదేంటయ్యా?" అన్నాను.

"జాగ సాలలే మేడం. 'పేక్ష' తీసేసిన."

"తీసేస్తే అర్థం మారిపోదూ?"

"ఏం మారుతది మేడం? లాభం వద్దు అన్నా, లాభం లేదు అన్నా, పైసలు రావు అనే గద మతలబు?"

నేను మండిపడుతూ సారు దగ్గరకు వెళ్ళాను. ఆయన బయటకు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని బోర్డు కింద నిలబడి, దగ్గొచ్చేదాకా నవ్వారు.

"మనోడు ఉన్నదే రాసిండమ్మా. ఉండనియ్యి."

"సార్, లాభం లేదంటే వేరేనండీ. మనిషి పోయేటప్పుడు డాక్టర్లు బయటకొచ్చి చెప్పే మాటండీ అది."

"నేను డాక్టర్నే గదమ్మా. నాకు తెల్వదా? ఎన్నిమాట్ల చెప్పిన్నో."

బోర్డు అలాగే ఉండిపోయింది. ఆటోవాళ్ళు మా స్టాపుకు "లాభం లేని దవాఖాన" అని పేరు పెట్టారు. ఒంటి మీద మచ్చలు చూపించుకుందామని వచ్చినవాళ్ళలో సగంమంది బోర్డు చదివి, గేటు దగ్గర్నుంచే దణ్ణం పెట్టి వెనక్కి తిరిగేవారు. ఈ పేరుతో సంస్థ బాగుపడినట్టే అనుకుని నేను తల కొట్టుకునేదాన్ని.

తర్వాత ఒక మధ్యాహ్నం గేటు ముందు ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. వెనక బొంత మీద ఒక ముసలావిడ పడుకుని ఉంది. పక్కన ఆవిడ కూతురు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. కూతురి పేరు యాదమ్మ. శామీర్‌పేట చెరువు దగ్గర రోడ్డు పక్కన చేపలమ్ముతుంది.

"పెద్ద దవాఖానల మా అమ్మకు ఇగ లాభం లేదన్నరు సారు. ఇంటికి తీస్కపొమ్మన్నరు. లాభం లేనోళ్ళ దవాఖాన గీడ ఉన్నదని ఆటో అన్న తీస్కొచ్చిండు" అంది.

నేను ముందుకు వచ్చి, "అది కాదమ్మా, ఇది నాన్-ప్రాఫిట్ అండీ, అంటే లాభాపేక్ష..." అని మొదలుపెట్టాను. సారు నా వంక ఒక చూపు చూశారు.

ఆయన ట్రాలీ ఎక్కారు. ఎక్కి, నాడి చూడలేదు, కళ్ళు చూడలేదు, అలవాటు కొద్దీ కాళ్ళ మీది దుప్పటి తీశారు. ముసలావిడ కాళ్ళూ చేతులూ గోకి గోకి రక్తాలు కారి ఉన్నాయి. మూత్రపిండాలు పాడైతే ఒళ్ళంతా దురద పుడుతుందట. దాని మీద తామర కూడా తోడైంది.

"ఏమైతాందవ్వా?"

"దురద బిడ్డా. సావొస్తలేదు, నిద్రొస్తలేదు."

సారు ఆవిడను లోపలికి మోయించి, శాంపిళ్ళ గదిలో ఏసీ కింద బల్ల మీద పడుకోబెట్టించారు. గోళ్ళు తనే తీశారు. ఒళ్ళు తుడిపించి, నూనె రాయించి, మలాం పూసి, మాత్రేదో వేశారు. కాసేపటికి ఆ బల్ల మీదే ఆవిడ గుర్రుపెట్టి నిద్రపోయింది. యాదమ్మ గోడకు చేరగిలబడి తల్లిని చూస్తూ కూర్చుంది. పొద్దు వాలాక ఇంటికి తీసుకువెళ్ళింది. ఆ తర్వాత సారే వారానికోసారి వాళ్ళింటికి వెళ్ళి వచ్చేవారు.

ముసలావిడ బతకలేదు. బతుకుతుందని ఎవరూ అనుకోలేదు కూడా. దినాలయ్యాక యాదమ్మ ఒక సంచిలో రెండు కొరమీనులు పట్టుకొచ్చి సారు బల్ల మీద పెట్టింది.

"గోక్కోకుంట సచ్చింది సారు" అంది.

సారు శాకాహారి. సంచి తీసి నా చేతిలో పెట్టి, "మీ తెనాలోళ్ళు మంచిగ వండుతరంట గద" అన్నారు. ఆ సాయంత్రం టీ పంపిస్తే మాత్రం "లాభమేంది" అనలేదు.

ఈ సంగతి ఆటోస్టాండ్లలో పాకింది. అక్కడి నుంచి నెలకొకరో ఇద్దరో "లాభం లేదన్న" మనుషులు మా గేటు ముందు దిగడం మొదలైంది. చైర్మన్ గారు వచ్చి చూసి, "డాక్టరుగారూ, ఇది పరిశోధన కేంద్రమా, శవాల సత్రమా?" అన్నారు. "పోయెటోళ్ళకు తోలుండదా సారు?" అన్నారు ఈయన. వాళ్ళిద్దరి సంభాషణలన్నీ ఇంచుమించు ఇలాగే ఉండేవి. ఇవాళ "అజాతశత్రువు" అన్నది ఆ చైర్మన్ గారే.

అంతలో విదేశీ సంస్థ నుంచి మెయిలొచ్చింది. వచ్చే ఏడాది నుంచి నిధులు ఆపేస్తున్నామనీ, సొంత కాళ్ళ మీద నిలబడే బిజినెస్ మోడల్ ఒకటి చూసుకోండనీ దాని సారాంశం. "కాళ్ళ సంగతే గదమ్మా, మనకెర్కలేనిదా?" అని సారు తేలిగ్గానే అన్నారు గానీ, ఆ వారమంతా ఆయన ఎవరి కాళ్ళూ చూడలేదు. నాకు అప్పుడు భయం వేసింది. మోడల్ దొరక్కపోతే తలుపులు మూసెయ్యాలి. మా నలుగురి జీతాలంటే ఎక్కడో అక్కడ చూసుకుంటాం. చెరువు గట్టున, వరిమళ్ళలో పొద్దస్తమానం నీళ్ళలో నానే జనం మాత్రం మళ్ళీ మెడికల్ షాపు మలాములకే పోవాలి. సారు నానా తిప్పలు పడుతున్నది ఆ తలుపులు తెరిచి ఉంచడానికే.

చైర్మన్ గారు సిటీ నుంచి ఒక కన్సల్టెంటును వెంటబెట్టుకొచ్చారు. కుర్రవాడు, చేతిలో ల్యాప్‌టాప్, కాలికి మెరిసే బూట్లు. విప్పమంటే మొహమాటపడ్డాడు. విప్పాక ఎందుకో తెలిసింది. సాక్సుకు చిల్లు, చిల్లులోంచి పసుపుపచ్చ బొటనవేలి గోరు. సారు మొహంలో వారం తర్వాత మళ్ళీ కళ వచ్చింది.

చెమ్మెక్కిన గోడ మీద ప్రొజెక్టరుతో బొమ్మలు వేసి అతను అడిగాడు. "సర్, ముందు మీ రెవెన్యూ స్ట్రీమ్స్ ఏంటో చెప్పండి."

"స్ట్రీమంటే వాగే గద? శామీర్‌పేట చెరువుల కలిసే వాగులు తప్ప నాకు వేరే తెల్వదు బాబూ."

"సస్టెయినబిలిటీ గురించి సర్..."

సారు తల పైకెత్తి, స్లాబులోంచి ఊడి వేలాడుతున్న పెచ్చు వంక చూశారు. "ముందుగాల గిది నిలవడితె సాలు" అన్నారు.

కుర్రవాడు చెప్పిన మోడల్సు రెండు. మొదటిది, వచ్చిన ప్రతి రోగి దగ్గరా ఫీజు తీసుకోవడం. సారు దానికి అప్పటికప్పుడు 'మంగలిషాపు మోడల్' అని పేరు పెట్టారు. కుర్చీల కూసున్నోడల్లా పైసలిచ్చి లేవాలె, మరి యాదమ్మ కూసుంటదా అని అడిగారు. రెండోది, మేం ఏళ్ళ తరబడి గీకి గీకి పోగేసిన తామర నమూనాలన్నీ ఒక మందుల కంపెనీకి రాసిచ్చెయ్యడం. వాటి మీద పరిశోధన వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యకూడదు, మేం కూడా. చైర్మన్ గారు అది వినగానే కుర్చీలో ముందుకు జరిగారు.

"ఇది బర్రెను అమ్మి పాలు కొనుక్కునుడు" అన్నారు సారు. "అయినా గా తామర నాదా సారు? చెరువుకాడోళ్ళ కాళ్ళది. అమ్మనీకె నేనెవ్వన్ని?"

"మూడోదేదైనా ఉంటే మీరే చెప్పండి డాక్టరుగారూ. వచ్చే మీటింగు దాకా చూస్తాను. లేదంటే కంపెనీతో సంతకాలు పెట్టేద్దాం" అని చైర్మన్ గారు లేచారు. కన్సల్టెంటు గోటికి మందు తీసుకుని వెళ్ళాడు. కొన్నాళ్ళకు గోరు బాగైందని మెసేజి పెట్టాడు. దాని వెనకే బిల్లు కూడా పెట్టాడు.

మూడో మోడల్ మా వారి గజ్జల్లో దొరికింది. ఈ మాట రాస్తానని మా వారికి చెప్పే రాస్తున్నాను.

మేం ఉండేది మేడ్చల్ దగ్గర ఒక గేటెడ్ కాలనీ. పేరులో ఎక్కడో లోటస్ అని ఉంటుంది. కృష్ణా, గుంటూరు, గోదావరి వాళ్ళం ఎక్కువ. ఒక సాయంత్రం మా వారు నన్ను తీసుకెళ్ళడానికి వచ్చి వరండాలో నిలబడ్డారు. నిలబడడం అంటే ఒకచోట కాదు, అటూ ఇటూ కదులుతూ, ఎవరూ చూడనప్పుడు ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి. సారు చూడనే చూశారు.

"ఏం బాబూ, ఎక్కడ ఈత కొడుతున్నవ్?"

మా వారు తెల్లబోయారు. ఉదయాలు కాలనీ స్విమ్మింగ్‌పూల్‌లో ఈత, ఆ తర్వాత క్లబ్బువాళ్ళిచ్చే తువ్వాలు. ఆ ఆదివారం సారు చిన్న బ్లేడు, గాజు పలకలు సంచిలో వేసుకుని మా కాలనీకి వచ్చేశారు. కొలను గట్టు గీకారు, చాపలు గీకారు, తువ్వాళ్ళు దులిపారు. వాచ్‌మన్ నాకు ఫోన్ చేసి, "మేడం, ఎవరో పెద్దమనిషి మన గచ్చు గీక్కపోతున్నడు" అన్నాడు.

కాలనీ జనరల్ బాడీ మీటింగులో డాక్టరుగారు రెండు ముక్కలు మాట్లాడతారని నేను పేరు రాయించాను. అది నా ఖర్మ. సారు మైకు అందుకుని, ముందు వరసలో కూర్చున్నవాళ్ళ కాళ్ళను ఈ చివర నుంచి ఆ చివరకు పరిశీలించి అన్నారు. "మీ కాలనీకి లోటస్ అని పేరు పెట్టినాయన ఎవ్వరో గాని దూరం ఆలోచించిండు. పేరుకు తగ్గట్టే తామర మస్తున్నది."

క్లబ్‌హౌస్‌లో ముందు వరస కాళ్ళన్నీ ఒక్కసారిగా కుర్చీల కిందికి పోయాయి. ప్రెసిడెంటు గారు లేచి, "అదేంటండీ డాక్టరుగారూ, మాది గేటెడ్ కమ్యూనిటీ అండీ. బయటివాళ్ళని రానివ్వమండీ" అన్నారు.

"గేటు మనుషులకు సారు. తామరకు వాచ్‌మన్ ఏం జెయ్యగలుగుతడు?"

"పనివాళ్ళ వల్ల వచ్చుంటుందండీ" అంది వెనక నుంచి ఒకావిడ.

"పనోళ్ళను ఈతకొలనుల దిగనిస్తున్నరా అమ్మా? మంచిగున్నది. మీది చానా పెద్ద మనసు."

వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నేను నేల చూపులు చూస్తున్నాను. అప్పుడు సారు అసలు సంగతికి వచ్చారు. ఏడాది పొడుగునా వచ్చి గట్టు, చాపలు, తువ్వాళ్ళు పరీక్ష చేస్తామనీ, బాగుంటే బాగుందని కాయితం ఇస్తామనీ, దానికి ఫీజు తీసుకుంటామనీ, ఆ డబ్బుతో చెరువు దగ్గరివాళ్ళ కాళ్ళు ఉచితంగా చూస్తామనీ చెప్పారు.

"మా డబ్బుతో వాళ్ళకెందుకండీ? మాకేంటి లాభం?" అన్నారు ప్రెసిడెంటు గారు.

లాభం అన్న మాట వినబడగానే సారు కళ్ళు మెరిశాయి. "ఆదివారం ఆదివారం మీకు కొరమీను కోసిచ్చేది ఎవ్వరు? గా చేతులు ఎప్పుడన్న చూసిన్రా?"

అంతే. తీర్మానం చప్పట్లతో నెగ్గింది. దార్లో కారులో సారు హుషారుగా, "గిదేనమ్మా మన మూడో మోడల్. అత్తసొమ్ము అల్లుడు దానం జేసినట్టు" అన్నారు. కన్సల్టెంటు దీన్ని క్రాస్ సబ్సిడీ అంటాడేమో గానీ, మా ఫైళ్ళలో ఇప్పటికీ అది అత్తసొమ్ము మోడలే.

సంబరం రెండు ఆదివారాలు నిలిచింది. ఆ తర్వాత సోమవారం పొద్దున్నే యాదమ్మ ఖాళీ గంప సారు బల్ల మీద ఠప్పున పెట్టింది.

"ఏం మాట్లాడినవ్ సారు నువ్వు? కాలనోళ్ళు ఒక్కలు గూడ చేపలు కొంటలేరు. నా చేతులు సూపియ్యిమంటున్నరు! మా అమ్మను సూసినవని గౌరవం ఇస్తున్న గని, నా దందా మొత్తం ఖరాబ్ జేసినవ్. ఇగ మావోళ్ళు ఎవ్వలు నీ కాడికి రారు, కాళ్ళు సూపియ్యరు."

సారు ఖాళీ గంపను మెల్లగా తన వైపు లాక్కున్నారు. తప్పు ఆయనదే, ఆ సంగతి ఆయనకు తెలిసింది. చెరువువాళ్ళ కోసం డబ్బు తెద్దామని, చెరువువాళ్ళ నోటి దగ్గర కూడే లాగేశారు. వాళ్ళే రాకపోతే ఇక ఆ తలుపులు తెరిచి ఉంచి ఏం లాభం?

ఆ ఆదివారం నుంచి సారు తెల్లకోటు వేసుకుని చెరువు దగ్గర యాదమ్మ పక్కన ముక్కాలిపీట మీద కూర్చోవడం మొదలుపెట్టారు. చేప వాసనకు ముక్కు పుటాలు అదురుతుండగా, కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళతో, "యాదమ్మ చేతులు నేను పరీక్ష జేసిన. మీ చేతులు సూపియ్యుండ్రి ముందు" అనేవారు. కొందరు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. కొందరు నిజంగానే చూపించారు. యాదమ్మ మొదటి రోజు మొహం తిప్పుకుని కూర్చుంది. రెండో వారానికి, "జర అటు జరుగు సారు, బేరాలకు అడ్డమైతున్నవ్" అంది. మూడో వారానికి మా వారే వెళ్ళి కొరమీను కొని, కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టారు. పూల్‌కు ఇచ్చిన కాయితం లాంటిదే ఇంకొకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి యాదమ్మ గంపకు వేలాడదీశాం. 'పరీక్షించబడినది' అని దాని మీద ఉంటుంది. చేపలనా, చేతులనా అన్నది ఎవరూ అడగలేదు.

ట్రస్టు మీటింగు నాటికి ఇంకో రెండు కాలనీలు, ఒక స్కూలు హాస్టలు, జీడిమెట్ల వైపు ఒక జిమ్ము మా దగ్గర చేరాయి. కంపెనీతో సంతకాలు జరగలేదు. చైర్మన్ గారు పకోడీలు తింటూ, "మొత్తానికి నిలబెట్టారండీ" అన్నారు. "నాదేం లేదు సారు. ఉన్నోళ్ళకు భయమెక్కువ, గంతే" అన్నారు సారు.

పోయిన నెల ఆయనకు గుండె బలహీనపడి సిటీలో పెద్దాసుపత్రిలో చేర్చారు. చూడ్డానికి వెళితే గొట్టాల మధ్య కళ్ళు మూసుకుని ఉన్నారు. నర్సు మంచం పక్కకు వచ్చి నిలబడగానే కళ్ళు తెరిచి, ఆ పిల్ల మొహం వంక కాకుండా కిందికి చూశారు. రోజంతా తడి నేల మీద రబ్బరు చెప్పులతో తిరిగే కాళ్ళు. నన్ను దగ్గరకు రమ్మని సైగ చేసి, "గా నర్సమ్మకు మలాం ఇయ్యమ్మా" అన్నారు. నాతో ఆయన మాట్లాడిన చివరి మాట అదే. ఏ వక్తకూ నేనా సంగతి చెప్పలేదు, చెబితే దాన్ని కూడా మహానుభావత్వం చేసేస్తారని.

మర్నాడు మధ్యాహ్నం కుర్ర డాక్టరు తలుపు తీసుకుని బయటకు వచ్చాడు. సారు భార్య, నేను బెంచీ మీద ఉన్నాం. అతను తల దించుకుని మెల్లగా, "సారీ అండీ. ఇక లాభం లేదు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాను గానీ నా వల్ల కాలేదు, ఫక్కున నవ్వేశాను. బెంచీల మీద వాళ్ళంతా నా వంక తిరిగారు. సిగ్గుతో చచ్చిపోతూ ఆవిడ మొహం చూద్దును కదా, ఆవిడ కూడా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "నవ్వమ్మా, నవ్వు. ఆయనుంటె అందరికంటె ముందు ఆయనే నవ్వెటోడు" అంది. ఆ తర్వాత ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. నా సొంత మేనమామ పోయినప్పుడు కూడా నేను అంతలా ఏడవలేదు.

సభ చివరకు వచ్చింది. చైర్మన్ గారు మైకు అందుకుని, సారు స్మృతిచిహ్నంగా ఒక మంచి పని తలపెట్టామన్నారు. ఇన్నేళ్ళుగా నవ్వులపాలవుతున్న ఆ రేకు బోర్డు పీకించి, నల్లరాతి మీద బంగారు అక్షరాలతో "లాభాపేక్ష లేని" అని సవ్యంగా చెక్కిస్తామన్నారు. చప్పట్లు మోగాయి.

వెనక చాప మీద నుంచి యాదమ్మ లేచి నిలబడింది. చేపలమ్మి తిన్నగా ఇటే వచ్చినట్టుంది, గంప పక్కనే ఉంది.

"సారూ, బోర్డు తియ్యకుండ్రి" అంది.

"అది తప్పు తెలుగమ్మా" అన్నారు చైర్మన్ గారు ఓపిగ్గా. "అర్థమే వేరు."

"తప్పో ఒప్పో నాకు ఎర్కలేదు సారు. పెద్ద దవాఖానోళ్ళు లాభం లేదన్నంక, ఆటో అన్న గా బోర్డు సదివే మా అమ్మను గీడికి తెచ్చిండు. గది తీసేస్తె, లాభం లేదన్నోళ్ళను ఇగ యాడికి తీస్కపోవాలె?"

చైర్మన్ గారు మైకు నా చేతిలో పెట్టి వెళ్ళి కూర్చున్నారు.

రేపు అల్వాల్ నుంచి ఆ పెయింటరే వస్తున్నాడు. పాత రేకు తుప్పు పట్టింది, కొత్తది కావాలి. ఎంత పొడుగు తేవాలి మేడం అని ఫోన్లో అడిగాడు. పాత కొలతే తెమ్మన్నాను. 'పేక్ష'కు జాగా మిగలకూడదు.